కొన్నవెన్ని? ఎగురునవెన్ని?

విమానవాహక నౌకను గూర్చి మన దేశమున వ్రాయువారును, ఉపన్యసించువారును ఒకే పాట పాడుచున్నారు. పొడవు 262 మీటర్లు. బరువు సుమారు 45,000 టన్నులు. వ్యయము సుమారు 20,000 కోట్ల రూపాయలు. మోయగల విమానములు 30. 2022 సెప్టెంబరు 2వ తేదీన కొచ్చిలో విక్రాంతు నౌకాదళమున చేరిన నాటినుండి ఈ నాలుగు సంఖ్యలును మనకు కంఠస్థములైనవి. ఆ నౌకను చూచి గర్వింపనివారము మేము కాము. అంతటి నౌకను స్వదేశమున కట్టుట సామాన్యమైన పని కాదు. కాని మోయగలవి ముప్పదియని చెప్పినవారెవ్వరును, ఆ ముప్పదిలో హెలికాప్టర్లెన్ని, వానిలో రేపుదయమున ఎగురగలవెన్ని, నౌక రేవు విడిచి ఇరువదియైదు దినములైన పిమ్మట గూడ ఎగురుచుండునవెన్ని యని యడిగిన పాపమున పోలేదు.

న్యాయస్థానముల గడప త్రొక్కినవారికి ఒక సంగతి తెలియును. డిక్రీ పొందుట వేఱు, దానిని అమలు జరుపుట వేఱు. ఏండ్ల తరబడి వ్యాజ్యము నడపి, గెలిచి, ముద్రవేసిన కాగితమును చేతబట్టుకొని యింటికి వచ్చిన కక్షిదారుడు, ప్రతివాది యాస్తి యెక్కడనున్నదో తెలియక, అమలు దరఖాస్తు వాయిదాలు లెక్కించుచు కూర్చుండును. వాని పెట్టెలో డిక్రీ యున్నది; చేతిలో చిల్లిగవ్వ లేదు. మన నౌకాదళపు హెలికాప్టర్లను గూర్చి ప్రభుత్వమువారు వెలువరించు ప్రకటనలు మాకు అట్టి డిక్రీలవలె తోచుచున్నవి. ఇన్ని కొంటిమి, ఇన్ని వచ్చినవి, ఇన్ని దళములు నెలకొల్పితిమి అనుట డిక్రీ. నడిసముద్రమున అర్ధరాత్రి రెండు గంటలకు, వానలో, ఒక యంత్రము డెక్కు మీదినుండి పైకి లేచుట అమలు.

హెలికాప్టరనగా నౌకకొక అలంకారమని తలచువారు మనలో కలరు. విశాఖ తీరమున నౌకాదళ దినోత్సవపు విన్యాసములనాడు జెండా కట్టుకొని మన తలలమీదుగా పోవునదియే దాని పనియని వారి యూహ. సంగతి అట్లు లేదు. యుద్ధవిమానములు డెక్కునుండి లేచునపుడును, మరల దిగునపుడును, ఒక హెలికాప్టరు ప్రక్కన గాలిలో కాచియుండవలెను. విమానము నీట బడినచో చోదకుని పైకి లాగునది అదియే. జలాంతర్గామి జాడ కనిపెట్టుటకు సముద్రములోనికి సోనారును వ్రేలాడదీసి, వినుచు, చోటు మార్చి మరల వినుచు తిరుగునది హెలికాప్టరే. నౌకమీది రాడారు భూగోళపు వంపును దాటి చూడజాలదు గనుక, ఎత్తునకు లేచి ఆవలినుండి వచ్చు విమానమును, క్షిపణిని ముందుగా కనిపెట్టునది మన నౌకలయందు కామోవు-31 అను హెలికాప్టరే. ఆకాశమున అట్టి కన్ను లేకపోవుట యెంత ప్రమాదమో 1982లో ఫాక్లండు దీవుల యుద్ధమున ఇంగ్లీషువారికి తెలిసివచ్చినది. మే 4వ తేదీన షెఫీల్డు అను నౌకను అర్జెంటీనావారి క్షిపణి కొట్టినది. పిమ్మటగాని వారు రాడారులను సీకింగు హెలికాప్టర్లకు తగిలించుకొనలేదు.

మనవారికి జలాంతర్గాముల ముచ్చట వేఱుగ చెప్పనక్కరలేదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ రేవు వెలుపల మునిగిపోయిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, నాటి పాత విక్రాంతును వేటాడుటకే వచ్చినది. మన యదృష్టమున ఆ నౌక అప్పుడు విశాఖలో లేదు. అయిదు దినముల పిమ్మట, 9వ తేదీన, పడమటి సముద్రమున ఖుక్రీ నౌకను మఱియొక జలాంతర్గామి ముంచినది. 18 మంది అధికారులును, 176 మంది నావికులును దానితో పోయిరి. విమానవాహక నౌకకు శత్రువు పంపు మొదటి దూత జలాంతర్గామియే యనుట పుస్తకములలోని మాట కాదు. అది మన రేవు గుమ్మమువఱకు వచ్చి తట్టిన సంగతి.

కావున లెక్క వేయుదము. ఈ క్రింది సంఖ్యలు నౌకాదళమువారివి కావు, మావి; కేవలము పద్ధతిని చూపుటకు వేసినవి. ఎవరికైన అభ్యంతరమున్న తమ సంఖ్యలు వేసికొని చూచుకొనవచ్చును. నౌకకు ముందువైపున ఒక హెలికాప్టరు రేయింబవళ్లు ఎడతెగక కాపలా యుండవలెననుకొందము. యంత్రము ఒకసారి లేచిన మూడు గంటలు గాలిలో నుండును. అందు పోవుటకు అరగంట, వచ్చుటకు అరగంట తీసివేయగా కాపలాకు దక్కునవి రెండు గంటలు. అనగా దినమునకు పండ్రెండు మారులు ఒక యంత్రము లేవవలెను. ఒక్కొక్క యంత్రము దినమునకు మూడు మారులు లేచుననుకొన్నను, అది కఠినమైన కొలతయే, సిద్ధముగా నున్నవి నాలుగు కావలెను. ఓడలోని యంత్రములలో మూడింట రెండువంతులు సిద్ధముగా నుండుట గొప్ప సంగతి. కాబట్టి నాలుగు సిద్ధముగా నుండవలెనన్న కొట్టములో ఆరు ఉండవలెను. ఒక్కటి యెగురుటకు ఆరు! విమానముల ప్రక్కన కాచునవి, దూరపు చూపునకు పోవునవి, సామగ్రి మోయునవి ఈ యారింటిలో చేరలేదు. చోదకులు యంత్రములు కారు గనుక వారికి నిద్ర కావలెను. వారి జట్లు యంత్రముల సంఖ్యను మించియుండవలెను.

లెక్క యింతటితో ముగియలేదు. పండ్రెండు మారులు మూడేసి గంటలన్న దినమునకు ముప్పదియారు గంటలు. ఇరువదియైదు దినములకు 900 గంటలు. ఆరింటికి పంచిన ఒక్కొక్కదానికి 150 గంటలు. పెద్ద పరీక్ష 150 గంటల కొకసారి చేయవలెనని నియమమున్నదనుకొందము. ఆరు యంత్రములను కడిగి తుడిచి, ఒకే మాసమున పరీక్షించి, ఒకే దినమున ఓడనెక్కించి పంపినచో ఏమగును? ఇరువదియైదవ దినమున ఆరును ఒక్కసారి కొట్టములో పడును. ఆనాడు కొట్టమంతయు నిండియుండును, ఆకాశమంతయు శూన్యము. తెలిసినవాడు అట్లు చేయడు. ఒకదానికి ఇరువదియైదు గంటల యాయువు మిగులునట్లును, రెండవదానికి ఏబది, మూడవదానికి డెబ్బదియైదు మిగులునట్లును మెట్లమెట్లుగా అమర్చి, ఒకటి పరీక్షలోనికి పోవుసరికి మఱియొకటి బయటికి వచ్చునట్లు నౌక బయలుదేరుటకు మాసములముందే యేర్పాటు చేయును. రైతు తన మళ్లకు వంతులవారీగా నీరు పెట్టుట యెట్టిదో యిదియు నట్టిదే. అన్ని మళ్లకు ఒకనాడే నీరు కావలెనన్న కాలువ యేమి చేయును? ఈ మెట్లు రేవు విడిచినపిదప కట్టునవి కావు. ఒడ్డుమీద విడిభాగములు లేక రెండు యంత్రములు ఆరుమాసములు పడియున్నచో, మెట్లు అక్కడనే విఱిగినవి.

సముద్రము హెలికాప్టరును తినివేయును. ఉప్పుగాలి లోహమును కొఱుకును; నీటిపై తక్కువ యెత్తున నిలిచినపుడు రెక్కలు లేపిన తుంపర ఇంజనులోనికి పోవును. అందువలన దిగిన వెంటనే మంచినీటితో యంత్రమును, ఇంజను లోపలిభాగమును గూడ కడుగవలెను. ఆ మంచినీటిని ఓడయే తయారుచేసికొనవలెను. రెక్కలు మడిచి క్రిందికి దింపి, మరల తెచ్చి విప్పవలెను. ప్రధానభాగములను విప్పి బిగించినపుడెల్ల అదరుట సరిచూచి, పరీక్షార్థము ఒకసారి ఎగురవేయవలెను. ఆ యెగురుట గూడ గంటలలో లెక్కయే. ఓడలో చేయదగిన పనులు కొన్ని. ఒడ్డుమీది స్థావరమున చేయదగినవి కొన్ని. పెద్ద కార్ఖానాలో తప్ప చేయరానివి కొన్ని. ఏ పని యెచ్చట చేయవలెనో ముందుగా నిర్ణయింపనిచో, చిన్న బేరింగు కొఱకు పెద్ద యంత్రము సముద్రము దాటి వెనుకకు పోవలసివచ్చును. మఱియొక దురాచారము కలదు. భాగము దొరకనపుడు ప్రక్కనున్న యంత్రమునుండి ఊడబెరికి దీనికి తగిలించుట. పని ఒక్కటైన చోట రెండగును. ఊడబెరుకబడినది కొట్టములో మూలబడి మిగిలినవాటికి భాండాగారమగును. పుస్తకములలో మాత్రము అది హెలికాప్టరే. సంఖ్య తగ్గదు.

ఈ సంఖ్యకును, ఆకాశమునకును ఎంత దూరముండునో హెలికాప్టర్ల విషయమున గాకున్నను విక్రమాదిత్యనుండి యెగురు మిగ్-29కె విమానముల విషయమున ప్రజలకు తెలిసినది. 2016లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పార్లమెంటునకు సమర్పించిన నివేదికలో, ఒంటి చోదకుని విమానములలో పనికి సిద్ధముగా నున్నవి నూటికి 15.93 మొదలు 37.63 వఱకని వ్రాసిరి. నూటికి పదునాఱు! ఆ కాలమున మన పత్రికలలో వచ్చిన బొమ్మలను చూచినవారికి అట్టి యనుమానమైనను కలుగునా?

మన నౌకల మీది కొట్టములను చూచిన ఇంకొక చిక్కు కానవచ్చును. విక్రాంతు నౌకాదళమున చేరునపుడు ప్రభుత్వమువారు దానిమీద ఎగురుననిన హెలికాప్టర్లు మూడు జాతులవి: రష్యావారి కామోవు-31, అమెరికావారి ఎంహెచ్-60ఆర్, మనవారి ధ్రువ. 1959లో మొదట ఎగిరిన ఫ్రెంచి నమూనాపై తయారగు చేతక్ హెలికాప్టరు ఇన్ని దశాబ్దములకును నౌకాదళపు కొలువు వీడలేదు. ఒక్కొక్క జాతికి వేఱువేఱు విడిభాగములు, వేఱు పనిముట్లు, వేఱు పుస్తకములు, వేఱుగా శిక్షణ పొందిన పనివారు. ఓడలో గది గదికి లెక్కయున్నది. ఒక జాతి పెట్టెలు ఆక్రమించిన చోటు మఱియొక జాతికి లేదు. జాతికి రెండేసి చొప్పున ఎక్కించి, అన్నియు నున్నవని తృప్తిపడుట కంటికి ఇంపుగా నుండును. లెక్కకు నిలువదు. ఒక్కొక్క యంత్రము నూరు దినములలో అరువది దినములు సిద్ధముగా నుండుననుకొన్నచో, రెండే యున్న జాతికి నూటికి పదునాఱు దినములు ఒక్కటియు లేకుండ పోవును. ఒకే జాతివి నాలుగున్నచో అట్టి దినములు నూటికి మూడు గూడ ఉండవు. ఇది బడిపిల్లవాడు చేయగల గుణకారము.

ఇంగ్లీషువారు ఈ గుణకారమును గ్రహించిరి. వారి మెర్లిను హెలికాప్టరు ఒకే శరీరము. జలాంతర్గాముల వేటకు అదియే, దూరపు రాడారునకు అదియే, సైనికులను మోయుటకును అదియే. అమెరికావారి రెండు నౌకా హెలికాప్టర్లు, ఆర్ యనునదియు ఎస్ యనునదియు, ఇంజనునందును ప్రధానాంగములందును తోబుట్టువులు. వేటాడు దళమునకు వారు 11 యంత్రముల నిచ్చి, కొన్నిటిని వాహకనౌకపైనను, మిగిలినవాటిని తోడునౌకలపైనను పంచెదరు. పంచినను దళమొక్కటే, అధిపతి యొక్కడే, విడిభాగముల లెక్క యొక్కటే. మనము పరదేశీయులనుండి యంత్రమును కొనుటకు తొందరపడుదుము. వారి లెక్కపుస్తకమును తెచ్చుకొనుటకు తొందరపడము.

ఒకే జాతిని నమ్ముకొనుటయందును ఆపద కలదని ఎదుటివారు చెప్పవచ్చును. అది సత్యమే, దానికి మన చేతనే నిదర్శనమున్నది. 2025 జనవరి 5వ తేదీన పోరుబందరులో తీరరక్షక దళపు ధ్రువ హెలికాప్టరు కూలి ముగ్గురు మరణించిరి. దానితో సైన్య, వాయు, నౌకా, తీరరక్షక దళములందలి ఆ జాతి యంత్రములు, సుమారు 330, ఒక్కసారి నేలనంటినవి. సైన్యమునకును, వాయుసేనకును కొన్ని మాసములకు అనుమతి వచ్చినపుడు గూడ నౌకాదళ, తీరరక్షక దళముల యంత్రములు నేలమీదనే యుండెను. కారణము స్పష్టము: సముద్రముపై యంత్రము పడు బాధ వేఱు. కావున ఒక్క జాతియే యుండవలెనని మేము వాదింపము. రెండు జాతులు, ఒక్కొక్కదానిలో తగినన్ని. ఇదియే మా మాట. నాలుగు జాతులు రెండేసి యనుట సంతగాని, సేన గాదు.

ఇక అమెరికావారి హెలికాప్టర్ల సంగతి. 2020 ఫిబ్రవరిలో 24 యంత్రములకు ఒడంబడిక జరిగినది. 2024 మార్చి 6వ తేదీన కొచ్చిలో మొదటి దళమును, 2025 డిసెంబరు 17వ తేదీన గోవాలో రెండవ దళమును నెలకొల్పిరి. యంత్రము మంచిది, అందు వివాదము లేదు. ఇరువదినాలుగు అను సంఖ్యను చూచి సంతోషించుటకు ముందు కొట్టములను లెక్కించుడు. 2021 నవంబరు 21వ తేదీన చేరిన విశాఖపట్టణము అను విధ్వంసక నౌకయందు రెండు హెలికాప్టర్లకు చోటున్నది. దాని తోబుట్టువులు మూడు. కోల్‌కతా తరగతివి మూడు. ఢిల్లీ తరగతివి మూడు. ఈ పది నౌకలకే ఇరువది కొట్టములు. ఫ్రిగేటులను, చిన్న నౌకలను నేను ఎత్తనైన లేదు. ఇరువదినాలుగులో చోదకుల శిక్షణకు నాలుగు ఉంచి, పెద్ద మరమ్మతులో ఆరు ఉన్నవనుకొనుడు. మిగిలినవి పదునాలుగు. అందు మూడింట రెండువంతులన్న తొమ్మిది. రెండు విమానవాహక నౌకలును, పది విధ్వంసక నౌకలును, తూర్పు పడమర సముద్రములును కలిసి తొమ్మిదింటిని పంచుకొనవలెను. 1980ల నాటి సీకింగులు, రష్యావారి కామోవు-28లు లేవా యందురేమో. ఉన్నవి, వృద్ధులును ఇంటనుండుట మేలే, కాని కావడి వారి భుజమున పెట్టుదుమా?

2018 ఆగస్టులో నౌకాదళమునకు 111 చిన్న హెలికాప్టర్లు కొనుటకు 21,738 కోట్ల రూపాయల అంచనాతో అనుమతినిచ్చిరి. 2023 మార్చిలో హిందూస్తాన్ ఏరోనాటిక్సువారి సముద్రపు హెలికాప్టర్లు 60 కొనుటకు 32,000 కోట్ల అంచనాతో మఱియొక అనుమతినిచ్చిరి. అనుమతిపై అనుమతి, మేము మొదట చెప్పిన డిక్రీలు ఇవియే. నౌకలు మాత్రము ఏటేట జలప్రవేశము చేయుచునే యున్నవి. ఇల్లు కట్టి, పశువుల పాక వేసి, పశువులను కొనుటకు బేరమాడుచు ఏండ్లు గడపు గృహస్థుని చూచి మనము నవ్వమా?

విడిభాగముల మాటకు వచ్చుదము. 2025 నవంబరు 28వ తేదీన రక్షణశాఖవారు ఆ 24 హెలికాప్టర్ల పోషణకు అమెరికాతో 7,995 కోట్ల రూపాయల ఒడంబడికకు సంతకము చేసిరి. విడిభాగములు, పనిముట్లు, శిక్షణ, సాంకేతిక సహాయము, మనదేశముననే మధ్యతరగతి మరమ్మతుశాలల నెలకొల్పుట అందు చేరియున్నవి. మొదటి ఒడంబడికకును దీనికిని మధ్య అయిదేండ్లకు పైగా గడచినవి. మేము ఈ వ్యయమును నిందింపము. ఇట్టి వ్యయము వ్యర్థమనువారితోనే మా పోరు. యంత్రము కొన్ననాడు ఫొటోలు తీయించుకొని, భాగములు కొన్ననాడు దాచిపెట్టుదురు. ఏలయనగా బేరింగుల పెట్టెకు పూలమాల వేయుట బాగుండదు గదా! అయినను ఆ పెట్టెయే ఆరింటిని నాలుగుగా నిలుపునది.

ఆ పెట్టె పరుల చేతిలో నున్నపుడు ఏమి జరుగునో మనకు 1998లో తెలిసినది. ఆ యేడు మే నెలలో పోఖ్రానులో అణుపరీక్షలు జరిగినవి. అమెరికా ఆంక్షలు విధించినది. మన సీకింగు హెలికాప్టర్లు ఇంగ్లండున తయారైనవి. అయినను వాని భాగములలో అమెరికావి కలవు. భాగములు రాకపోయెను, మరమ్మతునకు పోయినవి చిక్కుకొనెను, జలాంతర్గాములను వేటాడవలసిన దళము రెక్కలు ముడుచుకొని నేల కూర్చుండెను. ఒక్క తుపాకి పేలలేదు. ఒక్క నౌక మునుగలేదు. ఒక కచేరిలో ఒక గుమాస్తా ఒక కాగితముపై వ్రాలు చేసిన మాత్రమున అది జరిగినది. నేడు స్నేహము కలదందురు. నిజమే. స్నేహము కలకాలమునుండిన అందఱికిని మేలే. కాని మిత్రునియింట తన యింటి తాళపుచెవిని ఉంచుకొన్నవాడు, ఆ మిత్రుని మొగము ప్రతి ఉదయమున చూచి, ఆనాటి స్వాతంత్ర్యము ఎంతయో తెలిసికొనవలసి వచ్చును.

విశాఖవారికి ఇంకొక దృష్టాంతము చేరువనే యున్నది. 2007లో అమెరికానుండి పాత నౌక జలాశ్వను కొన్నపుడు, దానితో ఆరు పాత యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లను గూడ కొంటిమి. విశాఖయందలి డేగ స్థావరమున అవి పదునేడేండ్లు పనిచేసినవి; తుపానులలో జనుల నాదుకొన్నవి; వాని యెడ మాకు కృతజ్ఞత కలదు. 2024 జూను 28వ తేదీన వానికి వీడ్కోలు చెప్పి, ఒకదానిని విశాఖలో ప్రజల దర్శనార్థము నిలుప నిశ్చయించిరి. సముద్రతీరమున జలాంతర్గామి కుర్సురా, టీయూ-142 విమానము ముందే యున్నవి. ప్రదర్శనశాలలోని హెలికాప్టరునకు విడిభాగములు అక్కరలేదు, లెక్కకు సరిపోవును, ఎన్నడును చెడదు!

స్వదేశమున చేయలేమా యని యడుగుదురు. తెలంగాణమున హైదరాబాదు చెంత ఆదిభట్లలో అమెరికావారి అపాచీ హెలికాప్టరు శరీరములు 2018 నుండి తయారగుచున్నవి. 2023 ఫిబ్రవరి 6వ తేదీన కర్ణాటకమున తుమకూరులో హెలికాప్టర్ల కార్ఖానాను ప్రారంభించిరి. మనవారి చేతులు చాలవనువారికి ఈ రెండూళ్లే సమాధానము. అయితే మేము మోసపోరాదు. శరీరము చేయుట ఒకటి, గుండెను చేయుట ఒకటి. గేరుపెట్టె, రెక్కల మూలము, ఇంజను వేడిభాగములు, సోనారు, రాడారు: ఆంక్ష వచ్చిననాడు మొదట కొఱతపడునవి ఇవి. ధ్రువయందలి శక్తి యను ఇంజనులో ఫ్రెంచివారి పాలు గలదు. రెక్కలు నౌకయందలి ఇరుకు కొట్టమునకు తగినట్లు మడువబడుట లేదని నౌకాదళమువారు ధ్రువకు చాలకాలము అభ్యంతరము చెప్పిరి. రూపకల్పనమునాడే నావికుని పిలిచి కొట్టపు కొలతలు అడిగియున్న ఆ యభ్యంతరమెక్కడ? స్వదేశీయనగా దేశములో బిగించినదని కాదు. దేశములో విప్పి, బాగుచేసి, మరల ఎగురవేయగలిగినదని యర్థము.

ఈ సంఖ్యలు బయటపెట్టిన శత్రువునకు తెలియునని కొందఱు భయపెట్టుదురు. ఎన్ని యంత్రములు ఏ తేదీన ఏ నౌకపై నుండునో మేము అడుగుట లేదు. పార్లమెంటునందలి రక్షణ స్థాయీసంఘము మూసిన తలుపులవెనుక అడుగవచ్చును, అడిగినచో చెప్పవలెను. మఱియు శత్రువు మన కొట్టములోని సంగతి మనకంటె బాగుగనే ఎఱుగును. తెలియనిది పన్నులిచ్చు మనకు మాత్రమే. భాగములు కొని గిడ్డంగిలో పెట్టిన ధనము నిద్రపోవుచున్నదని లెక్కలు చూచువారు ఆక్షేపించుట మఱియొక యాచారము. నిప్పంటినపుడు కావలసిన నీటితొట్టి నిండియుండుట నష్టమని వ్రాసిన గుమాస్తాకు మేమేమి చెప్పుదుము?

మూడవ విమానవాహక నౌకను గూర్చి మాటలు వినవచ్చుచున్నవి. రానిండు. కాని అనుమతి యిచ్చు కాగితమునకు మఱియొక కాగితమును జతపఱచుడు. దానిపై ఎన్ని హెలికాప్టర్లు, ఏ రెండు జాతులవి, ఎందఱు చోదకులు, ఎందఱు పనివారు, తొంబది దినములకు ఏయే భాగములు, ఏ పరీక్ష ఓడలో, ఏది ఒడ్డున అను వివరములుండవలెను. ఆ కాగితము లేనిదే ధనమును ఇయ్యరాదని మన ప్రతినిధులు పట్టుపట్టవలెను. మొదటి పట్టు విశాఖ విషయమున పట్టవచ్చును. అమెరికా హెలికాప్టర్ల దళములు రెండును పడమటి తీరముననే, కొచ్చిలోను గోవాలోను, నెలకొల్పబడినవి. బంగాళాఖాతమున తిరుగు నౌకపై ఒక యంత్రమునకు ఓడలో చేయరాని పరీక్ష వచ్చినచో అది ద్వీపకల్పమును దాటి పోవలెను. పోకరాకల దినములన్నియు నౌకకు నష్టమే. 2025 నవంబరు ఒడంబడికలోని మరమ్మతుశాలలలో ఒకటి డేగ స్థావరమునందే యుండవలెను. రాబోవు బడ్జెటు సమావేశములందు ఆంధ్రదేశపు సభ్యులు ఈ యొక్క ప్రశ్నను వ్రాతమూలముగా అడిగి, వ్రాతమూలముగా సమాధానము పుచ్చుకొందురుగాక.